పది, పాది, సెరి

తిరువళ్లూరు వైపు ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీలో మూడో సంవత్సరం పిల్లలకు నేను పాఠం చెబుతాను. ఏ బ్యాచ్ వచ్చినా మొదటిరోజు అడిగే ప్రశ్న ఒకటే. "ఆస్పత్రిలో మీ చెవిన అన్నిటికంటే ఎక్కువగా పడే మాట ఏది?"

పిల్లలు తెలివైనవాళ్లు. "నొప్పి" అంటారు. "అమ్మా" అంటారు. ఎవడో ఒక తుంటరి "బిల్లు" అంటాడు. అందరూ నవ్వి ఊరుకున్నాక నేను చెబుతాను: "సెరి."

సెరి అంటే సరే. తమిళ మాటే గానీ, తిరుత్తణి, పళ్లిపట్టు వైపు మా తెలుగు ఇళ్లలో కూడా దాన్నే వాడతాం. కాఫీ పెట్టేదా అంటే సెరి. పెండ్లికి పోదామా అంటే సెరి. ఆస్పత్రిలో డాక్టరు నర్సుకు ఏదైనా చెబితే సెరి, నర్సు ఆయమ్మకు చెబితే సెరి, వార్డునుంచి ఫార్మసీకి ఫోన్ చేస్తే సెరి. అందరూ సెరి అన్నాక కూడా పని సరిగా జరగకపోతే ఆ మాట అసలు ఏం పని చేస్తున్నట్టు? నా ఉద్యోగం చివరికి వచ్చి ఆగింది ఈ ప్రశ్న దగ్గరే.

నేను నర్సుగా చేరి, మేట్రన్‌గా రిటైరయ్యాను. ఆ తర్వాత ఈ కాలేజీవాళ్లు పిలిచారు. పేషంటుతో ఎట్లా మాట్లాడాలో నేర్పడానికి వాళ్ల దగ్గర పెద్ద ప్రొఫెసర్లు ఉన్నారు. పక్కన పని చేసే నర్సుతో, ల్యాబు మనిషితో, మందులిచ్చే మనిషితో కాబోయే డాక్టరు ఎట్లా మాట్లాడాలి, ఎట్లా వినాలి అనేదానికి మాత్రం మనిషి దొరకలేదు. "ఆమెకు మొహమాటం లేదు, ఆమెను పిలవండి" అని ఎవరో అన్నారట. అది నిజమే. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం ఇప్పుడు రాసేది కూడా మొహమాటం లేకుండానే రాస్తాను. ఏ ఏడు ఏ పోస్టు వచ్చిందనేది దీంట్లో ఉండదు. అది చదివి బాగుపడినవాళ్లు ఎవరూ లేరు.

ఊఁ ఎవరిది

నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. మాది అత్తిమంజేరిపేట పక్కన నేతపని చేసే ఇల్లు. బడికి పోవాల్సిన వయసులో కండెలు చుట్టాను. ఓణీ వేసే వయసు వచ్చాక, పెద్దవాళ్లకు చదువు చెప్పాలని ఊరికి వచ్చిన ఒక టీచరమ్మ నాకు తమిళ అక్షరాలు దిద్దబెట్టింది. ప్రైవేటుగా పదో తరగతి రాసి నర్సింగులో చేరేసరికి, పక్కన కూర్చున్న పిల్లలు నన్ను అక్కా అనేవాళ్లు. తెలుగు అక్షరాలు ఇంకా ఆలస్యం. తిరుత్తణి బస్టాండులో నగరి, పుత్తూరు పోయే ఆంధ్రా బస్సుల బోర్డులు కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఇప్పటికీ 'పు' రాస్తే నాకు పుత్తూరు బస్సు కనబడుతుంది.

అక్షరం లేనప్పుడు మనిషి చెవితో బతుకుతాడు. మా వీధిలో పొద్దున్నే పడుగు చాచేవాళ్లు. నూలు దారాలను వీధి పొడవునా పరిచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టే పని అది. ఆ చివర మా నాయన, ఈ చివర నేనో ఇంకొకరో. మధ్యలో వీధంతా దారాలే. నాయన అక్కడినుంచి "సడలించు" అని అరిస్తే వెంటనే సడలించకూడదు. "సడలిస్తా ఉండా" అని మనం అరవాలి. అది విని నాయన "ఊఁ" అంటాడు. అప్పుడే చెయ్యి కదలాలి. బిగించు అన్నదాన్ని సడలించు అని విని చెయ్యి వదిలితే పడుగంతా చిక్కుపడి కూర్చుంటుంది.

మా పెద్దక్క పెండ్లయిన కొత్తలో బావ ఒకరోజు సాయం పడతానని ఈ చివర నిలబడ్డాడు. నాయన "బిగించు" అన్నాడు. బావ దర్జాగా "ఊఁ" అన్నాడు. నాయన తన చివర ఇంకొకరికి అప్పగించి, వీధంతా నడిచి వచ్చాడు. కొత్త అల్లుడని కూడా చూడలేదు.

"ఊఁ ఏందప్పా, ఊఁ? నేను ఏం చెప్పినానో అది నీ నోట్లోనుంచి రావాల. నువ్వు ఏం విన్నావో నాకెట్ల తెలిసేది? ఊఁ అనేది నాది. నా ఊఁ నువ్వు తీసుకుంటే నేనేమనాల?"

వీధి వీధంతా నవ్వింది. ఆ పొద్దునుంచి ఆయన మాకు ఊఁ బావ. మనవళ్లు పుట్టాక కూడా ఊఁ బావే.

చెయ్యి మంచిది

నర్సుగా తొలినాళ్లలో ఒక సర్జన్ కింద పని చేశాను. ఊరు, పేరు అనవసరం. ఆయన చెయ్యి మంచిది. కుట్టు వేస్తే మచ్చ వెతుక్కోవాలి. చెవి మాత్రం చెడ్డది, నోరు అంతకంటే చెడ్డది. చెప్పాల్సింది గబగబా చెప్పేసి "పురింజుదా?" అనేవాడు, అర్థమైందా అని. దానికి ఒకటే జవాబు, "సెరి సార్." ఇంకొకసారి చెప్పండి సార్ అన్న అమ్మాయిని పేషంట్ల ముందే "చెవుల్లో ఏం పెట్టుకున్నావు?" అని అడిగాడు. తర్వాత ఎవరూ అడగలేదు.

ఆయన వెళ్లిపోయాక వరండాలో మా సమావేశం జరిగేది.

"ఏమే, ఏమన్నాడు?"

"నీకు వినబడలా?"

"వినబడింది. అర్థం కాలా."

"నాకు అర్థమైంది. వినబడలా."

నలుగురం కలిసి ఇదే అయి ఉంటుందని తేల్చుకుని చేసేవాళ్లం. చాలాసార్లు అదే అయ్యేది. అందుకే ఆయనకు తన పద్ధతిలో తప్పుందని తెలియలేదు. ఆయన కోపం వల్ల పేషంటుకు ఎప్పుడైనా చెడు జరిగిందా అంటే నాకు తెలియదు. జరగలేదని చెప్పే ధైర్యం కూడా లేదు. సెరి అనే మాట కింద ఏముందో ఎవరూ ఎత్తి చూడరు.

ఆ సర్జన్ చెడ్డవాడు కాదు. మా అమ్మాయిల్లో ఒకరికి జ్వరం వస్తే ఇంటినుంచి జావ కాయించి పంపించాడు. అయినా కొత్త డాక్టర్లకు చెబుతున్నాను: నీ ముందు అందరూ వెంటనే సెరి అంటున్నారంటే సంతోషపడకు. ఎందుకంటున్నారో కనుక్కో.

సెరిలు ఏరుకురావడం

కాలేజీవాళ్లు నాకు ఒక ఇంగ్లీషు పుస్తకం ఇచ్చారు. నర్సుకు ఫోన్ చేసినప్పుడు మొదట ఏం చెప్పాలి, తర్వాత ఏం చెప్పాలి అని అందులో మంచి వరుస ఉంది. పిల్లలు రెండు రోజుల్లో బట్టీ పట్టేశారు. ఒకడు డాక్టరు, ఒకతి నర్సు అయి నాటకం ఆడితే చూడముచ్చటగా ఉంది. అంతా ఇంగ్లీషు. వార్డులో ఎవరూ ఇంగ్లీషులో కంగారుపడరు, అదే చిక్కు.

అందుకని పుస్తకం పక్కన పెట్టి ఒక పని చెప్పాను. "ఒక పొద్దుటి పూట వార్డులో కూర్చోండి. ఫార్మసీ దగ్గర, ల్యాబు దగ్గర కూర్చోండి. ఏమీ రాయొద్దు. సెరిలు విని ఏరుకురండి. వచ్చేవారం ఇక్కడ అని చూపించండి." (పిల్లలతో నా మాట తమిళమే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.)

ఆ వారం క్లాసు నేను మరిచిపోలేను. ఒకడు ఫార్మసీ కిటికీలో నిలబడ్డట్టు నిలబడి "సెరి" అన్నాడు. దాని అర్థం, మందు లేదు, ఆ సంగతి సాయంత్రం చెబుతాను. ఇంకొకడు "సెరి సెరి" అన్నాడు, నువ్వు వెళితే నా పని చేసుకుంటాను అని. ఒక అమ్మాయి "సెరీ" అని సాగదీసింది. నువ్వు చెప్పింది తప్పనిపిస్తోంది గానీ నాకెందుకు అని దాని అర్థం. తల వంచుకుని, పెదవి కదపకుండా అనే సెరి ఒకటి. అది నాకు పాత స్నేహితురాలు. సర్జన్ ముందు మేమందరం అన్నది అదే.

నిత్య అని ఒక పిల్ల ఉండేది, మాట తక్కువ. ఆమె లేచి, "మేడం, నాకు దొరకని సెరి ఒకటుంది" అంది.

"ఏది?"

"సిస్టర్లు డాక్టర్లకు సెరి అంటున్నారు. ఆయమ్మలు సిస్టర్లకు అంటున్నారు. డాక్టరు సిస్టరుకు సెరి అనడం నేను ఒక్కసారి కూడా వినలేదు."

అంత కాలం పని చేసి ఈ సంగతి నేను ఎందుకు గమనించలేదా అని ఆశ్చర్యపోయాను. అంతలో వెనక బెంచీనుంచి చెయ్యి లేచింది. గౌతమ్. చెన్నై పక్కన ఆవడి పిల్లాడు, ఎప్పుడూ సగం నిద్రలో ఉండేవాడు.

"మేడం, ఇది పరీక్షలో వస్తుందా?"

"రాదు."

"సెరి మేడం."

"ఇది ఏ సెరి నాయనా?"

"ఇక పడుకోవచ్చు అనే సెరి" అని పక్కవాడు జవాబు చెప్పాడు. గౌతమ్ కూడా నవ్వాడు. వాడి గురించి ఇంకా చెప్పాల్సి ఉంది.

పది యూనిట్లు

రెండేళ్ల తర్వాత గౌతమ్ చదువు ముగించి మా కాలేజీ ఆస్పత్రిలోనే హౌస్ సర్జన్ అయ్యాడు. అప్పుడు మెడిసిన్ వార్డులో దేవకి అని ఒక నర్సు ఉండేది. మా అత్తిమంజేరిపేట పిల్లే, మాలాగే నేత ఇల్లు, ఇంట్లో తెలుగు. పనిమంతురాలు. కాంట్రాక్టు మీద ఉంది.

ఆ వార్డులో మణవాళనగర్‌నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉన్నాడు. చక్కెర జబ్బు. భోజనానికి ముందు ఎనిమిది యూనిట్ల ఇన్సులిన్ పడుతోంది. ఆ రోజు మధ్యాహ్నంనుంచి ఆయన సరిగా తినడం లేదు. ఆయన భార్య ఆ సంగతి వరండాలో పోతున్న గౌతమ్‌ను ఆపి చెప్పింది. దేవకికి చెప్పలేదు. డాక్టరుకే చెప్పాను కదా, ఇంకెవరికి చెప్పాలి అనుకుంది. పేషంటు తరఫువాళ్లు అట్లాగే అనుకుంటారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

గౌతమ్‌ను అప్పుడే క్యాజువాలిటీకి పిలిచారు. అక్కడ హడావుడిలో ఉండి సాయంత్రం వార్డుకు ఫోన్ చేశాడు. తినడం లేదు కాబట్టి మందు సగానికి తగ్గించాలని వాడి ఆలోచన. సరైన ఆలోచనే. తమిళంలో సగాన్ని పాది అంటారు. "సిస్టర్, ఆ పెద్దాయనకు ఇన్సులిన్ పాది పోడుంగ" అన్నాడు. సగం వెయ్యండి అని.

వార్డులో అప్పుడు భోజనం బండి వచ్చింది. పక్క మంచం దగ్గర ఆవిరి పట్టే మిషను మోగుతోంది. దేవకి చెవిలో పడ్డది పది.

"సెరి డాక్టర్" అంది. ఇద్దరూ ఫోన్లు పెట్టేశారు.

ఎనిమిదికి సగం నాలుగు వెయ్యాల్సింది పది పడింది. పెద్దాయన రెండు ముద్దలు కూడా తినలేదు. కాసేపటికి ఒళ్లంతా చెమట, మాట తడబాటు. భార్యను పట్టుకుని "ఎవరమ్మా నువ్వు?" అన్నాడు. ఆమె కేక విని పరుగెత్తింది దేవకే. షుగర్ చూసింది, పడిపోయి ఉంది. గ్లూకోజ్ ఎక్కించింది, డాక్టర్లను పిలిచింది. దేవుడి దయ, ఆయన తేరుకున్నాడు. తేరుకోగానే భార్యతో గొడవ పెట్టుకున్నాడంటే, మనిషి పూర్తిగా వెనక్కి వచ్చినట్టే.

మరునాడు ఆఫీసువాళ్ల ప్రశ్న ఒకటే, ఎవరి తప్పు? హౌస్ సర్జన్ సగమే చెప్పానంటున్నాడు. నర్సు పది అని విన్నానంటోంది. మందు వేసిన చెయ్యి నర్సుది. దేవకి కాంట్రాక్టు ఆపేద్దామని మాట వచ్చింది. కాంట్రాక్టు పోవడం ఒకటే అయితే పరవాలేదు. మందు తప్పు వేసిన మనిషి అని పేరు పడ్డాక, ఇంకో ఆస్పత్రి గడప ఎవరు ఎక్కనిస్తారు? నర్సుగా ఆమె కథ అంతటితో సరి.

లెక్క ఏ భాషలో

దేవకి ఫార్మసీ వెనక బెంచీమీద కూర్చుని ఉంటే నేను పోయి పక్కన కూర్చున్నాను.

"అక్కా, ఆయన పదే అన్నాడక్కా. ఈ చెవుల్తో విన్నా."

"విన్నావు. నేను కాదనలా. ఏ భాషలో విన్నావు?"

"ఏ భాష ఏంది? ఆ డాక్టరుది తమిళం గదా."

"తమిళంలో పదిని ఏమంటారు?"

"పత్తు."

"పత్తు అన్నాడా? పది అన్నాడా?"

దేవకి రెండు మాటలూ నోట్లోనే అనుకుని చూసుకుంది.

"పది" అంది చివరికి. "పదే విన్నా. అయ్యో, ఆయనకు తెలుగు యాడొచ్చు?"

ఆవడి పిల్లాడికి తెలుగంటే రెండు సినిమా డైలాగులు. ఆ సంగతి దేవకికీ తెలుసు. అయినా ఆమె చెవి ఎందుకు మోసపోయింది? నాకు ఇక నిద్ర పట్టేలా లేదు. ఎవరి తప్పు అనే ప్రశ్న మీద నాకు ఆసక్తి పోయింది. ఇది ఎట్లా జరిగిందో తెలుసుకోవాలి, అంతే.

"నీతో వార్డులో తెలుగు మాట్లాడే డాక్టరు ఎవరన్నా ఉండారా?"

"చీఫ్ సార్ ఉండాడు గదా. పుత్తూరు వైపు మనిషి. నాతో తెలుగులోనే చెప్తాడు. ఆ పొద్దున రౌండ్సులో కూడా, ఆ పెద్దాయనకు షుగర్ దిగలా, రేపట్నుంచి పది చేద్దాంలే దేవకీ అన్నాడు."

ఇదీ సంగతి. పెద్ద డాక్టరు, మన పిల్ల అని అభిమానంగా తెలుగులో మందు చెబుతాడు. ఆ పొద్దున చెప్పిన పది ఆమె చెవిలోనే కూర్చుని ఉంది. సాయంత్రం పాది వచ్చి తలుపు తట్టింది. లోపలున్న పది లేచి తీసింది.

ఆ తర్వాత రెండు రోజులు నేను ఆస్పత్రంతా తిరిగి కనబడినవాళ్లనల్లా అడిగాను, "నువ్వు మనసులో ఏ భాషలో లెక్కపెడతావు?" పిచ్చిదానిలా చూశారు, కానీ జవాబు చెప్పారు. ల్యాబులో పిల్లాడు ఇంగ్లీషులో లెక్కపెడతాడు, అలిసిపోతే తమిళంలోకి దిగుతాడు. కేరళ సిస్టరు నాడి మలయాళంలో చూస్తుంది. తిరుత్తణి ఆయమ్మ దుప్పట్లు తెలుగులో లెక్కపెట్టి, తమిళంలో అప్పగిస్తుంది. "ఇంట్లో తెలుగు గూడా పోయిందమ్మా, మనవరాలికి రాదు. లెక్క మాత్రం పోలా" అంది. నేనైతే మాత్రలు తమిళంలో, నాడి తెలుగులో. ఎందుకో నాకే తెలియదు. ఇన్నేళ్లలో ఎవరూ నన్ను అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు.

గౌతమ్‌ను వెతికి పట్టుకున్నాను. మొహం పీక్కుపోయి ఉంది.

"మేడం, నేను పాది అనే చెప్పాను. ప్రమాణంగా."

"ప్రమాణం ఎవరడిగారు? ఆమె ఏమంది?"

"సెరి డాక్టర్ అంది."

"అది ఏ సెరి?"

"అడగలేదు మేడం."

"సగం ఎందుకో చెప్పావా?"

"ఆయన తినడం లేదని వాళ్లావిడ చెప్పింది."

"నీకు చెప్పింది. నువ్వు దేవకికి చెప్పావా?"

"లేదు."

"తినడం లేదు అన్న ఒక్క మాట అని ఉంటే, ఆమెకు పది అని వినబడినా చెయ్యి ఆగేది. సరే, సగం అంటే ఎంత?"

"నాలుగు."

"నాలుగు అనే అనొచ్చు కదా?"

"పాది అంటే అందరికీ తెలుసు కదా మేడం."

అప్పుడు తెలుగులో పది అంటే ఏమిటో చెప్పాను. వాడు "పది, పాది, పది" అని నాలుగైదుసార్లు అనుకున్నాడు, కొత్త మిఠాయి నోట్లో వేసుకున్నట్టు. నవ్వాడు. వెంటనే నవ్వు పోయింది.

"అయితే ఆమె అబద్ధం చెప్పడం లేదు."

"నువ్వూ చెప్పడం లేదు."

"మరి తప్పు ఎవరిది?"

"అది నన్ను అడగకు. రేపు చీఫ్ గదిలో నిన్ను అడుగుతారు."

చీఫ్ గదిలో

చీఫ్ గదిలో ఆఫీసు మనిషి, దేవకి, గౌతమ్, నేను ఉన్నాం. కిటికీ బయట కొత్త బ్లాకు కడుతున్నారు, గోడ తొలిచే మిషను చెవులు తినేస్తోంది. ఆఫీసు మనిషికి ఒక వాక్యం చాలు: నర్సు సరిగా వినలేదు. నేను పది గురించి, పాది గురించి, పొద్దుటి రౌండ్సు గురించి తమిళంలో వివరంగా చెప్పాను. ఆయన మర్యాదగా విని, "సెరి మేడం, సెరి సెరి" అన్నాడు. రెండుసార్లు అనే సెరికి అర్థం నాకు పిల్లలు నేర్పారు. ఇక నువ్వు పో అని.

చీఫ్ తల వంచుకుని కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. పని ఒత్తిడిలో ఉన్న మనిషి, మనసు ఇంకెక్కడో ఉంది. దేవకి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గౌతమ్ లేచాడు. తమిళంలో ఒకే మాట అన్నాడు. "సార్, ఇదుల పాది తప్పు ఎన్నోడదు." దీంట్లో సగం తప్పు నాది అని.

తప్పు అనే మాట తెలుగులోనూ తమిళంలోనూ ఒకటే. చీఫ్ ఉలిక్కిపడి తల ఎత్తాడు. నోట్లోనుంచి తెలుగు ఊడిపడింది.

"పది తప్పులా? ఏం చేసినావురా అబ్బా, అన్ని!"

గౌతమ్‌కు తెలుగు రాదు. కానీ ముందురోజునుంచి ఆ ఒక్క మాట వాడి నోట్లోనే ఉంది, గుర్తుపట్టాడు.

"పది ఇల్ల సార్. పాది."

ఏడుస్తున్న దేవకికి నవ్వు తన్నుకొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. చీఫ్ ఆమెను చూశాడు, వాణ్ని చూశాడు, నన్ను చూశాడు. తెలివైన మనిషి, ఎక్కువసేపు పట్టలేదు.

"ఇన్నొరు తడవ సొల్లు" అన్నాడు, ఇంకొకసారి చెప్పమని.

"పాది."

చీఫ్ కళ్లజోడు పెట్టుకుని దేవకి వైపు తిరిగాడు. "నేను గూడా పదే విన్నానమ్మా" అన్నాడు.

పాది అనే ఆ మాట గౌతమ్‌తో నేనే అనిపించానని తర్వాత కొందరు అన్నారు. అంత తెలివి నాకు లేదు. వాడు నిజం చెప్పాలనుకున్నాడు, అది ఆ మాటలో వచ్చింది.

ఆఫీసు మనిషి ఏం చెయ్యాలని అడిగాడు. "ఇద్దరూ ఉంటారు. ఫోన్లో మందు చెప్పే తీరు మారాల" అన్నాడు చీఫ్. తర్వాత దేవకితో, "ఇకనుంచి నీతో తమిళంలోనే చెప్తాలేమ్మా" అన్నాడు.

"వద్దు సార్" అంది దేవకి. "తెలుగులోనే చెప్పండి. నేను తిప్పి చెప్తా."

ఊఁ బావ రూలు

ఇప్పుడు అక్కడ ఫోన్లో మందు చెబితే ఎంత వెయ్యాలో అంకెలో చెప్పాలి, ఎందుకో కారణం చెప్పాలి. విన్నవాళ్లు తిప్పి చెప్పాలి. చెప్పినవాళ్లు అది విని ఒప్పుకోవాలి. అప్పుడే మందు పేషంటుకు చేరాలి. దీనికి ఇంగ్లీషులో పెద్ద పేరుంది, గోడ మీద అంటించారు. నేను మా నాయన సంగతి చెప్పినప్పటినుంచి పిల్లలు మాత్రం దాన్ని ఊఁ బావ రూలు అంటారు. పాపం, బావ పోయి చాలా ఏళ్లయింది, తన పేరు మెడికల్ కాలేజీలో తిరుగుతోందని తెలియదు.

అంతా బాగుపడిందని చెప్పను. తిప్పి చెబితే "నాకు తెలియదా?" అని కసిరే డాక్టర్లు ఇంకా ఉన్నారు. తిప్పి చెప్పడం నామోషీ అనుకునే నర్సులు కూడా ఉన్నారు, అది వాళ్ల ముందే అంటాను. కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. అవతలి మనిషి సెరి అనగానే నీ పని అయిపోలేదు, అప్పుడే మొదలైంది. ఫోన్ పెట్టెయ్యకు. ఏం విన్నావమ్మా అని అడుగు. పరీక్ష చేస్తున్నట్టు అడగకు. నిజంగా తెలుసుకోవాలని ఉన్నట్టు అడుగు. ఆ తేడా నర్సుకు గొంతులోనే తెలిసిపోతుంది.

మొన్న క్లాసు ముగిసి, తిరుత్తణి రైలుకు ఇంకా టైముంటే మెడిసిన్ వార్డుకు పోయాను. దేవకి ఫోన్లో ఉంది. నన్ను చూసి, కూర్చోమని కంటితోనే సైగ చేసింది. అవతల డాక్టరు ఎవరో నాకు తెలియదు. గౌతమ్ కాదు, వాడు వేరే ఊర్లో పై చదువు చదువుతున్నాడు. ఎవరో కొత్త పిల్ల, గొంతు సన్నగా ఉంది.

"ఆరు యూనిట్లు డాక్టర్" అంది దేవకి తమిళంలో. "ఆరు. కాలికి కట్టు మార్చినప్పటినుంచి ఆయన సరిగా తినడం లేదు, అందుకని తగ్గించి ఆరు."

ఫోన్ చెవికి ఆనించుకుని ఎదురుచూసింది. భోజనం బండి చప్పుడు చేసుకుంటూ పోయింది. ఆ చప్పుడు దాటాక అవతలినుంచి నాకు కూడా వినబడింది.

"సెరి సిస్టర్."

అప్పుడు దేవకి ఇన్సులిన్ ఉండే ఫ్రిజ్ తలుపు తీసింది.